ఉరికేటప్పుడు విప్పాల్సిన జర్కిన్

మందంగ ఉన్నదంతా వెచ్చగ ఉంటదనుకునుడు తప్పు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు మిషన్ మీద ఇరవై ఐదేండ్లు పట్టింది. మీకు అంత కాలం దండుగ కావద్దని రాస్తున్న.

నేను చదివింది నాలుగో తరగతి. నా అక్షరాలు వంకరగ వస్తయి, కుట్టు మాత్రం వంకర రాదు. బడంగ్‌పేట్‌లో మా బిడ్డ ఇంటి పక్కన కుట్టుమిషన్ నేర్పే సెంటరున్నది. అక్కడి ఆడపిల్లలు "అమ్మమ్మా, నువ్వు ఆటలోల్ల బట్టలు కుట్టినవంట గదా, మాకు గూడ చెప్పు" అని ఎంటబడ్డరు. బ్లౌజులు, లంగాలు అందరు నేర్పుతరు. చలికాలం పొద్దుగాల బయట నడిచేటోల్లకు, ఉరికేటోల్లకు ఏం తొడగాలె, అది ఎట్ల కుట్టాలె అనేది ఎవరు చెప్తలేరట. నోటితోని చెప్తే సగం వింటరు, సగం ఫోన్ల చూస్తరు. అందుకే కాయితం మీద పెడుతున్న.

షాపు ఎప్పుడు తెరిసిన, బోర్డు ఎవరు రాసిండ్రు, ఆ ముచ్చట్లు మీకెందుకు. పనికొచ్చేదే చెప్త.

ఉస్తాదు కొలత

సైదాబాద్‌లో జహీర్ సాబ్ అని పెద్ద టైలర్ ఉండె. బడి పిల్లల డ్రెస్సులు, పోలీసోల్ల ఖాకీలు కుట్టేటోడు. మా ఇంటాయన పోయినంక ఇద్దరు పిల్లలను ఎంటేసుకొని ఆ షాపుల కాజాలు కుట్టనీకి చేరిన. మూడేండ్లు కాజాలే. ఆ తరువాత టేపు చేతికిచ్చిండు.

మొదటినాడు ఒక జవానుకు ఖాకీ అంగి కొలత తీసిన. ఆయన నిటారుగ నిలబడ్డడు, నేను టేపు పెట్టి చీటీ మీద రాసిన. జహీర్ సాబ్ ఆ చీటీ చూసి నిలువున చింపిండు.

"బాలమ్మా, ఈయన నౌకరీల రోజంత గిట్లనే బొమ్మ లెక్క నిలబడుతడా?"

"లేదు సాబ్."

"ఉరుకుతడు, ఒంగుతడు, లాఠీ ఎత్తుతడు. చేతులు ఎత్తమను. కూసోమను. ఒంగమను. గప్పుడు తియ్యి కొలత. కదలనోనికి కుట్టేది పీనుగుకు చుట్టే కఫనొక్కటే, దానికి కొలత గూడ అక్కరలేదు."

జవాను నవ్విండు. నాకు కండ్లల్ల నీల్లు తిరిగినయి. గాని ఆ దినం నుంచి ఇయ్యాల్టి దాక, చేతులు ఎత్తించకుంట నేను ఒక్క అంగి కొయ్యలేదు. ఉస్తాదు తిట్టే రకం. మెచ్చుకున్నది నేను ఎన్నడు వినలే. అయినా ఆయన పేరు తలుసుకోకుంట కత్తెర పట్టను. మంచిగ మాట్లాడే మనిషి దగ్గర ఉంటే పని నేర్వకపోదును.

ఉస్తాదు చెప్పింది కొలత గురించి. గుడ్డ గూడ మనిషితో సమానంగ పని చెయ్యాలె అనేది చెప్పలే. అది నేనే తెలుసుకోవాల్సింది. తెలుసుకోలే.

గ్రౌండు ముంగట

సొంత షాపు కొత్తపేటలో పెట్టుకున్న. అటు దిల్‌సుఖ్‌నగర్, ఇటు ఎల్బీ నగర్, నడుమ నేను. ఎదురుంగనే గ్రౌండు. ఐదు కొట్టకముందే మనుషులు తిరుగుడు మొదలయ్యేది. డిసెంబర్ పడిందంటే ఆ గుంపును చూసి నవ్వాల్నో, తిట్టాల్నో తెల్వకపోయేది. కాళ్లకు రబ్బరు చెప్పులు, తలకు మంకీ క్యాపు. స్వెట్టర్ మీద శాలువ, శాలువ మీద మఫ్లర్. ఆడోల్లయితే ఒక చేత కుచ్చిళ్లు, ఇంకో చేత కొంగు. రెండు చేతులు పనిల ఉంటే ఊపేదెప్పుడు, నడక సాగేదెప్పుడు? రెండు రౌండ్లు తిరిగేసరికి లోపల ఉడికిపోయి, శాలువ తీసి నడుముకు చుట్టుకుందురు. చెమట మీద గాలి కొట్టి మూడోనాడు దగ్గు. "ఈ చలిల నడక నాకు పడ్తలేదు బాలమ్మా" అని మొత్తానికే బందు పెట్టుకుందురు. తప్పు చలిది కాదు, ఒంటి మీది మూటది.

వాల్లకు వదులు ప్యాంట్లు, మోకాలు దాటే అంగీలు కుట్టుడుతోని నా అసలు పని మొదలైంది. ఆ ఎనక కోచింగ్ పిల్లలు వచ్చిండ్రు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలల్ల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఎన్నున్నయో మీకెర్కే. పోలీసు నౌకరీకి తయారయ్యేటోల్లు పొద్దుగాల మా గ్రౌండుకు వచ్చి ఉరికేది.

అక్కడ నడిచేటోల్లలో విజయలక్ష్మి టీచరమ్మ ఒకామె. గుంటూరు దిక్కు నుంచి వచ్చి ముప్పై ఏండ్లాయె. బడిలో ఆటలు నేర్పి రిటైరయింది. మెడల విజిల్ లేదుగాని ఉన్నట్టే నడిచేది. దారిల ఎవరన్న ఒంగి నడిస్తే "భుజాలు వెనక్కండీ, భుజాలు!" అని అరిచేది. తన బట్టల రిపేర్లన్ని నా దగ్గరనే.

ఇగ అది తెలంగాణ కోసం కొట్లాట గట్టిగ నడిచిన చలికాలం. వారానికి రెండు బందులు. షాపు షట్టర్ ఎప్పుడు లేపుడో, ఎప్పుడు దించుడో తెల్వదు. గ్రౌండుల గూడ గాలి మారింది. అంతకుముందు అందరు ఒక్క దిక్కే తిరిగేది. ఆ యేడు మా దిక్కోల్లు ఎడమకు తిరిగితే, అటునుంచి వచ్చినోల్లు కుడికి తిరుగుడు పెట్టిండ్రు. ఎవరు మొదలుపెట్టిండ్రో చెప్పరు. దూరం ఉందామని రెండు దిక్కుల తిరిగితే ఏమైతది? రౌండుకు రెండుసార్లు ఎదురుపడ్తరు. ఎదురుపడ్డప్పుడల్ల అందరు నేల చూసేది. ఇప్పుడు తలుసుకుంటే నవ్వొస్తది. అప్పుడు ఎవ్వరం నవ్వలే. నేను గూడ.

మంజుల జర్కిన్

మంజులది మాల్ అనే ఊరు దాటినంక ఇంకో చిన్న ఊరు. హాస్టల్‌లో ఉండి పోలీసు నౌకరీకి చదువుతున్నది. తండ్రి లేడు, తల్లి పత్తి ఏరనీకి పోతది. ఒక్క జత కాన్వాసు బూట్లు, ఒక్క పాత పంజాబీ డ్రెస్సు, అది ఏసుకొనే ఉరికేది. చున్నీ నడుముకు బిగించి, మెడ ఎత్తి ఉరికితే ఆడపిల్లలల్ల ఎవ్వరు అందకపోయేది. పొద్దుగాల వణుక్కుంట వచ్చి, నా షాపు మెట్ల మీద కూసొని బూట్లకు దారాలు కట్టుకునేది.

"ఏం పిల్లా, ఒంటి మీద ఏమన్న ఏసుకోవా? నిమోనియా వస్తది."

"ఉరికితే చలి పోతది పెద్దమ్మా."

"పరీక్ష నాడు జొరమొస్తే?"

ఆ మాటకు బూటు దారం గట్టిగ గుంజి ముడేసింది. పరీక్ష ఇంక నెల రోజులుండె. ముందుగాల ఉరుకుడు, ఆ తరువాత లాంగ్ జంప్. రెండిట్ల గెలిస్తేనే రాత పరీక్ష.

నా షాపుల వాడకుంట మిగిలిన పారాచూట్ గుడ్డ ఉండె. ఒక దుప్పటికి తెచ్చిన మెత్తటి ఫ్లానల్ గూడ ఉండె, మంచి మందం. పారేసే గుణం నాకు పుట్టుకతోనే లేదు. పైన పారాచూట్, లోపల ఫ్లానల్ అస్తరు, మెడ దాక జిప్పు. ఒక్కటే బట్ట, చలికి అదే, గాలికి అదే, పదేండ్లు ఆగుతది. నా తెలివికి నేనే మురుసుకున్న.

అది మిషన్ మీద ఉండంగనే టీచరమ్మ వచ్చింది, ట్రాక్ ప్యాంటుకు ఎలాస్టిక్ మార్పించుకోనీకి. పాతది తీసేసి, కొత్తది కొలిచి కోస్తున్న. ఆమె జర్కిన్ అస్తరును రెండు వేళ్ల నడుమ పట్టుకొని చూసింది.

"ఎవరికి బాలమణి గారూ?"

"మంజులకు. ఉరుకుడు పరీక్షకు."

"ఇది వేసుకుని పరుగెత్తిస్తారా? ఇది నూలండీ. చెమట పీల్చుకుంటే ఇక ఆరదు. పలచటివి రెండు వేయించండి. లోపలిది తడవని గుడ్డయ్యుండాలి."

సరైన మాటనే. ఇయ్యాల రాస్తుంటే తెలుస్తున్నది. ఆ దినం మాత్రం రోడ్డు మీద టైర్లు కాలిన వాసన ఇంక పోలే, పొద్దుగాల ఎవరో ఏదో అన్న మాట నా మనసుల ఉడుకుతున్నది. నోరు జారింది.

"మా పిల్లలకు ఏం తొడగాల్నో గూడ మీరే చెప్తరా టీచరమ్మా? ఇన్నేండ్లు చెప్పింది సాలదా?"

టీచరమ్మ ముఖం ఎట్ల మారిందో నేను చూడలే. సూది దిక్కే చూసిన. ఆమె బల్ల మీది ప్యాంటు మడిచి సంచిల పెట్టుకున్నది.

"ఎలాస్టిక్ వెయ్యలే ఇంకా" అన్న.

"పరవాలేదండీ. నాడా కట్టుకుంటాను" అన్నది. మెట్లు దిగి పోయింది. తెల్లారి నుంచి గ్రౌండుకు రాలే.

ఇది వినుండ్రి పిల్లలూ. టైలర్ దగ్గరికి అన్ని రకాల మనుషులొస్తరు. రోడ్డు మీది కోపం షాపు మెట్లెక్కనియ్యొద్దు. ఎక్కిందా, ముందుగాల చెడేది గుడ్డ.

జానెడు తక్కువ

పరీక్ష నాడు చలి బాగనే ఉండె, గాలి గూడ. మంజులను పంపుతున్నప్పుడు మెడ దాక జిప్పు నేనే పెట్టిన. "ఏమైనా విప్పకు" అని ఒట్టు గూడ పెట్టించుకున్న.

మాపటికి వచ్చింది. మెట్ల మీద కూసున్నది, దారాలు విప్పుకోలే.

"ఏమైంది?"

"ఉరుకుడైంది పెద్దమ్మా. దాంట్ల పాసైన."

"మరి?"

"దుంకుడుల పోయింది. జానెడు తక్కువ."

అడుగంగ అడుగంగ చెప్పింది. గేటు కాడ నంబర్ గుడ్డ ఇచ్చి పిన్నులతోని ఛాతికి పెట్టుకోమన్నరు. ఆమె జర్కిన్ మీదనే పెట్టుకున్నది. సగం ఉరికేసరికి లోపల నీల్లు తాగిన దూది లెక్క అస్తరు బరువైంది. విప్పుదామంటే నంబర్ దానిమీదనే ఉండె. నా ఒట్టొకటి. ఎట్లనో పూర్తి చేసింది. ఆ తరువాత లాంగ్ జంప్‌కు లైన్‌ల నిలబెట్టిండ్రు. రెండు గంటలు. తడిసిన ఫ్లానల్ ఒంటికి అంటుకొని ఉంది, మీదికెల్లి గాలి. పండ్లు కొట్టుకున్నయి, పిక్కలు రాయి లెక్క పట్టేసినయి. మూడు ఛాన్సులిచ్చిండ్రు. మూడిట్ల గూడ కాలు లేవలే.

"జర్కిన్ వల్ల కాదు పెద్దమ్మా. నాకే తాకత్ సాలలే" అన్నది.

ఆ పిల్ల ఒక్క మాటన్న నన్ను అనలే. అనుంటే నాకు అల్కగ ఉండేది. జర్కిన్ ఇచ్చి పోయింది. అస్తరు ముట్టుకుంటే మాపటికి గూడ ఆరలే. బకెట్ మీద పట్టి పిండిన. నీల్లు కారినయి. ఒక ఆడపిల్ల నౌకరీ ఆ బకెట్‌ల పడ్డట్టనిపించింది.

నేను ఒక్క రౌండు తిరిగి చూసిన

తెల్లారి జర్కిన్ ఆరబెట్టి, ఆ ఎనక దినం పొద్దుగాల నేనే ఏసుకున్న. నా ఒంటికి టైటే. పదేండ్లు గ్రౌండు ముంగట కూసొని ఉరికేటోల్లకు బట్టలు కుట్టిన గాని, నేను ఒక్కనాడన్న ఒక్క రౌండు తిరగలే. చీర ఎత్తి దోపి, ఎంత జోరుగ నడవొస్తే అంత జోరుగ నాలుగు రౌండ్లు నడిచిన. మొదటి రౌండుల హాయిగ ఉన్నది. రెండో దాంట్ల ఉక్కపోసింది. నాలుగో దాంట్ల వీపు మీద తడి తువ్వాల ఏసినట్టయింది. అప్పుడు ఆగి, మంజుల నిలబడ్డట్టే నిలబడ్డ. రెండు గంటలు కాదు, పావు గంట. దవడలు వణికినయి.

ఉస్తాదు చీటీ చింపిన సప్పుడు చెవుల ఇనబడ్డది. చేతులెత్తించి కొలత తీసిన, సరే. గుడ్డను ఉరికించి చూసిన్నా?

ఇంటికి పోయి చీర మార్చుకొని, ఎలాస్టిక్ ముక్క సంచిల ఏసుకొని టీచరమ్మ ఇంటికి పోయిన. తలుపు తీసింది. లోపల హాలు నిండ అట్టపెట్టెలు, తాళ్లతోని కట్టి ఉన్నయి.

"ప్యాంటు ఇయ్యుండ్రి. ఎలాస్టిక్ బాకీ ఉన్న" అన్న.

కుర్చీ మీది పెట్టె తీసి కింద పెట్టింది. "ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?"

"ఈ పెట్టెలేంది?"

"మా తమ్ముడు రోజూ ఫోను. వచ్చెయ్ అక్కయ్యా, అక్కడెందుకు అని. సర్దడమైతే సర్దాను. వెళ్లాలో లేదో తెలీడం లేదు." ప్యాంటు తెచ్చి ఒళ్లో పెట్టింది. "మంజుల పరీక్ష ఏమైంది?"

చెప్పిన. నా మాటలు, నా ఫ్లానల్, నా ఒట్టు, అన్నీ చెప్పిన. "నేను చెప్పానా?" అంటదని ఎదురుచూసిన. అనలే. లేచి ఒక పెట్టె తాడు పటుక్కున తెంపింది. అడుగునుంచి పాత బనీనొకటి తీసింది, ఎప్పుడో ఆటలాడిన కాలంది, నిండ చిన్న చిన్న బెజ్జాలు. కుండలో చెయ్యి ముంచి దానిమీద నీళ్లు చల్లింది, విదిలించింది, నా చెంపకు ఆనించింది.

"చూశారా? అప్పుడే సగం ఆరింది."

ఆ పెట్టెకు మళ్ల తాడు కట్టుడు నేను చూడలే.

ఏం ఏసుకోవాలె

ఆ దినం నుంచి టీచరమ్మ చెప్పింది, నేను కుట్టి చూసింది, పిల్లలు ఉరికి చెప్పింది కలిపి రాస్తున్న.

ఒంటికి ఆనుకునే బనీనే అన్నిటికంటె ముఖ్యం. నూలు వద్దు. నూలు చెమటను తాగి కూసుంటది. ఆ బెజ్జాల ఆటల గుడ్డ బయటికి పంపుతది. దానికి మొన గుండ్రంగ ఉండే సూది పెట్టాలె, మామూలు సూది పోగులు తెంపుతది. కుట్టు జిగ్‌జాగ్ ఎయ్యాలె. సీదా కుట్టు ఏస్తే చెయ్యి ఎత్తంగనే పటపట తెగుతది. సంకల కింద పతంగి ఆకారంల ఒక ముక్క కలిపితే లాగదు, ఒరుసుకోదు.

దానిమీద వెచ్చదనానికి పలచటి పొడుగు చేతులది. మెడ కాడ జానెడు జిప్పు ఉండాలె, వేడైతే దించనీకి. గాలి గట్టిగ ఉంటేనే మూడోది, పారాచూట్ గుడ్డది, అస్తరు లేకుంట. మడిస్తే పిడికిట్ల పట్టాలె. మన హైదరాబాద్ చలికి చాన దినాలు రెండే సాలు. గడప దాటంగనే జర వణికితే మీ లెక్క సరిగ్గ ఉన్నట్టు. గడపలనే వెచ్చగ ఉంటే ఒకటి ఎక్కువ ఏసుకున్నట్టు, ఎనక్కి పోయి తీసెయ్యుండ్రి.

మంకీ క్యాపు అక్కరలేదు, చెవులు కప్పితే సాలు. పాత స్వెట్టర్ చెయ్యిని అడ్డంగ కోసి అంచు కుడితే చెవుల పట్టీ అయితది. చిరిగిన సాక్సు మడమ కాడ కోసి, బొటనవేలికి ఒక చీలిక పెడితే చేతులకు తొడుగు. కొననే వద్దు. బూట్లు మాత్రం కొనుండ్రి, అక్కడ పిసినారితనం పనికిరాదు. ఏ సాక్సు మీద ఉరుకుతరో ఆ సాక్సు ఏసుకొనే, మాపటి పూట కొనాలె. అప్పటికి కాళ్లు జర ఉబ్బి ఉంటయి. ముందర బొటనవేలంత జాగ ఉండాలె.

ఇంకొకటి. మంచు పడే పొద్దు నల్ల బట్ట ఏసుకొని రోడ్డు మీద ఉరకొద్దు. ఎల్బీ నగర్ చౌరస్తాల లారీలు, ఊర్ల నుంచి వచ్చే బస్సులు మిమ్మల్ని చూడయి. వీపుకు, మోచేతులకు మెరిసే పట్టీ ముక్కలు కుట్టుండ్రి. నేను అడగకున్నా కుట్టిస్త. "మంచిగ కనబడ్తలేదు ఆంటీ" అనేటోల్లకు, కనబడాలెనే కుడుతున్న అని చెప్త.

సంచిల ఒక పొడి బనీను ఎప్పటికి ఉండాలె. చలి అసలు కొట్టేది ఉరికేటప్పుడు కాదు, ఆగినప్పుడు. ఆగంగనే తడిది విప్పి పొడిది ఏసుకొని, దానిమీద మందంది కప్పుకోవాలె. ఇట్ల తెలిసినంక నా పాత జర్కిన్‌కు గూడ ఒక పని దొరికింది. అది చెడ్డ బట్ట కాదు. నేను తప్పు టైముల తొడిగిన, గంతే.

గేటు బయట

మళ్ల పోలీసు నోటిఫికేషన్ వచ్చేసరికి చాన కాలం పట్టింది. అప్పటిదాక మంజుల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపుల పని చేసింది, రోజు పొద్దుగాల ఉరికింది. టీచరమ్మ గ్రౌండుకు మళ్ల వచ్చింది. గోడ మీద కూసొని దుంకుడు నేర్పింది. "చేతులమ్మాయ్, చేతులు పైకి! కాళ్లు వాటంతటవే వస్తాయి!" మంజులకు ఆమె మాట ఒకటి రెండు అర్థం కాకుంటే నేను చెప్పేది. ఆమెకు మంజుల మాట నేను చెప్పేది. వయసు లెక్కల ఆ పిల్లకు ఇదే ఆఖరు ఛాన్సు. ఇది పోతే మాల్ బస్సెక్కి పత్తి చేన్లకే.

ఈసారి గూడ చలికాలమే పడ్డది. ఎల్బీ నగర్‌ల ఆటో పట్టుకొని ముగ్గురం పోయినం. బెజ్జాల బనీను ఒంటి మీద ఒకటి, సంచిల ఒకటి. పైన జర్కిన్. దాని జేబుల నేను నాలుగు పిన్నులు ఎక్కువ పెట్టిన.

"మళ్ల చెప్పు" అన్న.

"నంబర్ బనీను మీదనే పెట్టుకోవాలె. పిలిచే దాక జర్కిన్. ఉరికేటప్పుడు విప్పాలె. ఉరికినంక పరదా ఎనక తడి బనీను మార్చుకోవాలె, నంబర్ మార్చి పెట్టుకోవాలె, జర్కిన్ ఏసుకోవాలె. దుంకేటప్పుడు మళ్ల విప్పాలె."

"ఒట్టు?"

"ఒట్లు వద్దు పెద్దమ్మా. పోయినసారి నీ ఒట్టే ముంచింది" అని నవ్వింది. ఇన్నేండ్లకు ఒక్క మాటన్నది. నాకు ఊపిరాడింది.

ఇంటోల్లను లోపలికి రానియ్యరు. గోడ బయట రాయి మీద ఇద్దరం కూసున్నం. లోపలికెల్లి విజిల్ ఇనబడ్తున్నది గాని ఏం కనబడదు. టీచరమ్మ ఫ్లాస్క్ తీసి చాయ్ పోసింది. గ్లాసు నా చేతికిచ్చుకుంట అడిగింది.

"బాలమణి గారూ, మీ రాష్ట్రం వచ్చేస్తుందంటారా?"

"వస్తది."

"వస్తే..." అని ఆగింది. "మా వాళ్లు ఏమవుతారండీ?"

నాకు పెద్ద మాటలు రావు. రాజకీయం అసలే రాదు. తెలంగాణ రావాలెనని నాకు గట్టిగనే ఉండె, అది దాచలే. గాని ఆమె పెట్టె తాడు తెంపిన సప్పుడు గూడ యాదికున్నది.

"మీరు గ్రౌండుల ఏ దిక్కు తిరుగుతరో చెప్పుండ్రి. నేను గా దిక్కే తిరుగుత" అన్న.

"మీరు తిరగనే తిరగరు కదండీ!"

"రేపటి నుంచి తిరుగుత."

ఆమె నవ్వింది, నవ్వుతనే కండ్లు తుడుసుకున్నది. నేను చాయ్ గ్లాసు దిక్కు చూసిన.

ఎండ గోడ మీదికి ఎక్కినంక గేటు తెరిసిండ్రు. ఆడపిల్లలు ఒక్కొక్కరే వస్తున్నరు. కొందరు ఏడుస్తున్నరు, కొందరు ఫోన్లు చేస్తున్నరు. మంజుల అందరి ఎనక వచ్చింది. మెడ దాక జిప్పు పెట్టుకొని, తల దించుకొని. ముఖం చూస్తే ఏం తెలుస్తలేదు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

నేను అడగలే. ఆ పిల్ల దగ్గరికి రాంగనే కాలర్ నుంచి చెయ్యి లోపలికి పెట్టి వీపు ముట్టుకున్న. ఫ్లానల్ పొడిగ ఉన్నది. వెచ్చగ ఉన్నది.

"పొడిగుంది టీచరమ్మా" అన్న.

అప్పుడు తల ఎత్తింది మంజుల. అరచెయ్యి చాపి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాక కొలత పెట్టి చూపించింది.

"గింత పెద్దమ్మా. గింత ఎక్కువ దుంకిన."

ఆ తరువాత

మంజుల రాత పరీక్ష గూడ పాసై నౌకరీల చేరింది. రాష్ట్రం వచ్చింది. టీచరమ్మ ఎక్కడికి పోలే, పోతనన్నా నేను పోనియ్యకపోదును. నేను మాటిచ్చినట్టు నడుసుడు పెట్టిన, నా మోకాళ్లు ఆగే దాక నడిచిన. ఎవరం ఏ దిక్కు తిరుగుతున్నమో కొన్నాళ్లకు అందరు మరిచిపోయిండ్రు.

ఈ పని నాకు తిండి పెట్టింది. చీటీ చింపిన ఉస్తాదును ఇచ్చింది, నేను అన్న మాటను మనసుల పెట్టుకోని టీచరమ్మను ఇచ్చింది, తప్పు నాదైతే తనదే అనుకున్న పిల్లను ఇచ్చింది. ఇంకేం అడుగుత.

కండ్లు సరిగ్గ కనబడక షాపు మూసిన. పోయిన చలికాలం ఒక ఆడపిల్ల అడ్రస్ అడుక్కుంట మా బడంగ్‌పేట్ ఇంటికి వచ్చింది. సంచిలకెల్లి జర్కిన్ తీసింది. రంగు ఎలిసింది, మోచేతుల కాడ ఎవరో అతుకులేసిండ్రు, జిప్పు పండ్లు పోయినయి. అస్తరు మాత్రం నా ఫ్లానలే.

"మా గ్రౌండ్‌ల ఒక అక్క ఇచ్చింది. ఆమెకు ఇంకొక అక్క ఇచ్చిందంట" అన్నది. "జిప్పు మీరే ఎయ్యాలని చెప్పిండ్రు. ఇంకోటి గూడ చెప్పిండ్రు అమ్మమ్మా, ఉరికేటప్పుడు ఏసుకోవద్దంట. ఎందుకో ఎవరు చెప్పలే."

జర్కిన్ తీసుకొని బల్ల మీద పెట్టిన. అద్దాలు పెట్టుకొని టేపు ఎతికిన.

"చెప్త గాని, ముందుగాల నిలబడు. చేతులు మీదికెత్తు."